మా చెల్లికి ఆటిజం అని 24 ఏళ్లకి తెలిసింది

నేను గుంటూరు జిల్లాలో ఒక మండల పరిషత్ పాఠశాలలో టీచర్‌ని. మా చెల్లి నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చదివి, హైదరాబాద్‌లో మందుల సైడ్ ఎఫెక్టుల రిపోర్టులు పరిశీలించే ఒక కంపెనీలో పనిచేస్తోంది. ఇక్కడ తనని బుజ్జి అంటాను. రాసింది తను చదివి, రెండు వాక్యాలు కొట్టేసి, ఒకచోట తప్పుగా వేసిన సంవత్సరం సరిదిద్ది, సరే అన్నాకే మీ ముందు పెడుతున్నాను.

ఆటిజం అనగానే మన కళ్ల ముందు చిన్నపిల్లాడే కనిపిస్తాడు. మాటలు ఆలస్యమైనవాడు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడనివాడు, బొమ్మకారు తిరగేసి గంటల తరబడి చక్రం తిప్పుతూ కూర్చునేవాడు. మాకు ట్రైనింగుల్లో చెప్పేది కూడా అదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయని, అందులో ఆటిజం ఒకటని, మండల రిసోర్స్ సెంటర్‌లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరమ్మ బోర్డు మీద రాసి చెప్పింది. ఆవిడ లక్షణాలు ఒక్కొక్కటే చదువుతుంటే కొన్ని దగ్గర బుజ్జి గుర్తొచ్చింది, కొన్ని దగ్గర రాలేదు. బుజ్జి ఏడాది నిండకముందే మాట్లాడింది. మూడేళ్లకి పేపర్లో హెడ్డింగులు చదివేది. స్కూల్లో ఎప్పుడూ ఫస్టే.

టీ టైములో ఆవిడని అడిగాను, బాగా మాట్లాడేవాళ్లకి, పెద్ద చదువులు చదివినవాళ్లకి కూడా ఉంటుందా అని. "ఎందుకుండదు మేడం? వాళ్లు మన దగ్గరికి రారు, అంతే. మార్కులు వచ్చే పిల్లని ఎవరు పంపిస్తారు?" అంది. ఆ మాట అప్పటికి అక్కడితో ఆగింది.

మా ఇంట్లో బుజ్జికి చాలా పేర్లుండేవి. అమ్మ మొండిఘటం అనేది. మేనత్త పొగరు అనేది. నాన్న "దాని జోలికి పోకండి, చదువుకుంటోంది" అనేవాడు. ఒక సంక్రాంతికి పెద్దమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంటూ, "నీ చేతి కాఫీ తాగి ఎన్నాళ్లయిందే బుజ్జీ" అంది. "పోయిన అక్టోబరులో తాగారు పెద్దమ్మా, అప్పుడు చక్కెర వద్దన్నారు" అని చెప్పి బుజ్జి మళ్లీ తన పుస్తకంలోకి వెళ్లిపోయింది. కాఫీ పెట్టమని అడుగుతున్నారని తనకి తోచలేదు. "కాస్త కాఫీ పెట్టవే" అని ఉంటే మరుక్షణం లేచేది. ఇలాంటివి మా ఇంట్లో జోకులుగా చెప్పుకునేవాళ్లం. ఎవరూ ఇంతకంటే ముందుకి ఆలోచించలేదు, ఆలోచించే అవసరం కూడా రాలేదు.

అవసరం పెళ్లిచూపులతో వచ్చింది. అబ్బాయి వాళ్లు వచ్చారు. బుజ్జి పట్టుచీర కట్టుకుని, నేర్పినట్టే నమస్కారం పెట్టి కూర్చుంది. అబ్బాయి తల్లి "వంటొచ్చా అమ్మా?" అంటే "వచ్చండి, పద్నాలుగు వచ్చు" అని వరసగా చెప్పడం మొదలుపెట్టింది. అందరూ నవ్వారు, అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత ఆవిడ సరదాగానే "మా అబ్బాయి నచ్చాడా మరి?" అంది. బుజ్జి కాసేపు ఆలోచించి, "ఇంకా తెలియదండి. ఆయన్ని అడిగినవాటికి సగం వాళ్ల నాన్నగారే చెప్పారు" అంది. నిజమే చెప్పింది. సంబంధం పోయింది. నోటిదురుసు పిల్ల అని ఊళ్లో మాట వచ్చింది.

నన్ను పట్టేసింది ఆ మాట కాదు, ఆ తర్వాత జరిగింది. వాళ్లు గేటు దాటగానే బుజ్జి వెనక గదిలోకి వెళ్లి, చీర తీసి అవతల పడేసి, లైటు ఆర్పేసి నేల మీద పడుకుంది. ఒళ్లు సన్నగా వణుకుతోంది. పలకరిస్తే పలకదు. అమ్మ అలక అనుకుంది, మేనత్త నాటకం అంది. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ఫోన్ తీసి నాకు మెసేజ్ పెట్టింది, పక్కనే ఉన్న నాకు: "కోపం లేదు అక్కా. మాట రావడం లేదు. రేపటికి వస్తుంది." మర్నాడు సాయంత్రానికి వచ్చింది కూడా.

అలిగిన మనిషి ఇలా రాయదు. అప్పటినుంచి బుజ్జి నలుగురిలో ఎలా ఉందో చూడటం మానేసి, నలుగురిలోంచి వచ్చాక ఎలా ఉందో చూడటం మొదలుపెట్టాను. ఈ మొత్తం అనుభవంలో ఎవరికైనా పనికొచ్చేది ఏదైనా ఉంటే ఇదే అనుకుంటాను. పెద్దవాళ్లలో ఆటిజం పైకి కనబడే వింత ప్రవర్తనగా ఉండకపోవచ్చు. అందరిలాగా ఒక పూట గడపడానికి ఆ మనిషి ఎంత ఖర్చయిపోతోందో చూస్తేనే తెలుస్తుంది.

చూడటం మొదలుపెడితే చాలా కనిపించాయి. పెళ్లిళ్లలో బుజ్జి చక్కగా నవ్వుతూ అందరినీ పలకరిస్తుంది. అందరినీ ఒకే మూడు వాక్యాలతో: బాగున్నారా, ఎప్పుడొచ్చారు, పిల్లలేం చదువుతున్నారు. పెళ్లికాని మా బాబాయి కొడుకుని కూడా పిల్లలేం చదువుతున్నారని అడిగింది. అవి అమ్మ మాటలు, అమ్మ గొంతుతో సహా. బ్యాంకుకి వెళ్లేముందు అక్కడ ఏమనాలో చీటీ మీద రాసుకుంటుంది. ఫోన్ మోగితే ఎత్తదు, ఆగిపోయేదాకా చూసి, "ఏంటి పని?" అని మెసేజ్ పెడుతుంది. మాట్లాడేటప్పుడు కళ్లలోకే చూస్తున్నట్టు ఉంటుంది కానీ, చూసేది కనుబొమల మధ్య బొట్టు పెట్టుకునే చోటికి. అది ఏడో తరగతిలో తనకు తనే పెట్టుకున్న రూలట. బొట్టు లేనివాళ్లతో కొంచెం కష్టమట.

శబ్దాల సంగతి మాకు ముందునుంచీ తెలుసు. అమ్మ మిక్సీ వేసేముందు "బుజ్జీ, వేస్తున్నా" అని అరిచేది, తను మేడ మీదకి పరిగెత్తేది. కుర్తాలు ఒకే షాపులో ఒకే రకం కొని, మెడ దగ్గర లేబుల్ బ్లేడుతో కుట్లతో సహా తీసేస్తుంది. జరీ అంచు తగిలితే చెయ్యి ఎర్రబడేలా గోక్కుంటుంది. బెండకాయ జిగురు నోటికి తగిలితే ఆ పూటకి అన్నం మానేస్తుంది. ఇంకోవైపు ఆకలి మాత్రం తెలియదు. మధ్యాహ్నం తినలేదన్న సంగతి సాయంత్రం కళ్లు తిరిగితేనే గుర్తొస్తుంది.

ముగ్గుల పుస్తకాల గురించి చెప్పాలి. పదేళ్ల వయసు నుంచి బుజ్జి ముగ్గులు సేకరిస్తోంది. సరిచుక్కలు వేరు, సందుచుక్కలు వేరు, చుక్కల లెక్క ప్రకారం నంబర్లు, దేన్ని మడిస్తే ఏ సగం దేనికి సరిపోతుందో పక్కన గుర్తులు. వాకిట్లో ముగ్గు వెయ్యడం మీద తనకి అంత ఇష్టం లేదు, నడిచి తొక్కుతారని. కాగితం మీద ఉండాలి. ఇది రైలు టైంటేబుల్ అయ్యుంటే, మగపిల్లాడై ఉంటే, ఎవరైనా ఏదో అనుకునేవారేమో. ఆడపిల్ల ముగ్గుల పుస్తకం పెట్టుకుంటే మురిసిపోయాం. అసలు మన దగ్గర ఆడపిల్ల మాట్లాడకుండా ఒక మూల కూర్చుంటే దాన్ని బుద్ధిమంతురాలు అంటాం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లం.

ఇవన్నీ ఉన్నా చదువు నడిచింది, ఉద్యోగం వచ్చింది. మొదట ఇంటి నుంచే పని. 2023లో ఆఫీసుకి రమ్మన్నారు. పెద్ద హాలు, గోడల్లేవు, నెత్తి మీద ట్యూబులైట్లు, ఎవరి ఫోన్ వాళ్లు మాట్లాడుకుంటూ ఉంటారు. కొన్ని నెలలకే బుజ్జి వంట మానేసింది. ముందు బాగా చేసేది, పద్నాలుగు వంటలు ఉత్తుత్తి మాట కాదు. తర్వాత తల దువ్వుకోవడం కూడా బరువైంది. ముగ్గుల పుస్తకం తెరవలేదు. అమ్మ "ఎవరైనా అబ్బాయి ఉన్నాడేమో అడగవే" అని నన్ను పోరింది. ఎవరూ లేరు. ముందు రక్తపరీక్షలు చేయించాం. థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 తక్కువ, దానికి మందులు. తర్వాత ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాం. ఆయన కాసేపు మాట్లాడి డిప్రెషన్ అన్నాడు. అది తప్పు కాదు, మందులతో నిద్ర పట్టింది. కానీ లేచేటప్పుడు "పెళ్లి చేసెయ్యండమ్మా, అదే సర్దుకుంటుంది" అన్నాడు. బయటకొచ్చాక బుజ్జి నన్ను అడిగింది: "ఏది సర్దుకుంటుంది? ఆయన చెప్పలేదు."

ఆ రాత్రి భవిత టీచరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ నాకు ఒక మంచి మాట చెప్పింది: "మీరు పేరు పెట్టకండి. గమనించింది గమనించినట్టు చెప్పండి, పేరు వాళ్లు పెడతారు. ముందు ఆ అమ్మాయికి చెప్పండి, అమ్మకి కాదు."

బుజ్జికి ముఖాముఖి చెబితే మాట ఆగిపోతుందని తెలుసు కాబట్టి వాట్సాప్‌లో రాశాను. నేను చూసినవి, ఏ సందర్భంలో చూశానో రాసి, ఇలాంటివి కొందరిలో పుట్టుకతో ఉండే ఒక తీరు వల్ల రావొచ్చని, దాన్ని పెద్దవాళ్లలో కూడా పరీక్షించి చెప్పేవాళ్లు ఉన్నారని, ఇష్టమైతేనే చూద్దామని రాశాను. ఆటిజం అన్న మాట చివర్లో ఒక్కసారే వాడాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. రెండు రోజులు నాకు ఒకటే టెన్షన్.

తర్వాత ఒక ఫైల్ వచ్చింది. నంబర్లు వేసి, ప్రతి దానికి వయసు రాసి, పేజీలకి పేజీలు. ఐదేళ్లప్పుడు బడి గంట మోగే ముందే చెవులు మూసుకునేదాన్ని, మోగుతుందన్న భయంతో పాఠం వినేదాన్ని కాదు. తొమ్మిదేళ్లప్పుడు నా ఫ్రెండ్ వేరే అమ్మాయితో కూర్చుంటే ఎందుకని అడిగాను, 'ఊరికే' అంది, ఆ 'ఊరికే'కి అర్థం ఇప్పటికీ తెలియదు. పదమూడేళ్లప్పుడు టీవీ సీరియళ్లు చూసి ఏ మాటకి ముఖం ఎలా పెట్టాలో అద్దంలో నేర్చుకున్నాను. హాస్టల్లో మెస్ గోలకి భయపడి ఏడాదంతా గదిలో పెరుగన్నం తిన్నాను. ఇలా. చివర్లో ఒక వాక్యం రాసింది, నేను మర్చిపోలేను: "అందరికీ ఇలాగే ఉంటుంది, వాళ్లు నాకంటే బాగా ఓర్చుకుంటున్నారు అనుకున్నాను."

ఈలోగా తనే ఆన్‌లైన్‌లో ఒక ప్రశ్నావళి కూడా నింపింది. కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో తయారుచేసిన 50 ప్రశ్నల పరీక్ష అది. 32 లేదా అంతకంటే ఎక్కువ వస్తే చూపించుకోవడం మంచిదని అర్థం. బుజ్జికి చాలా ఎక్కువే వచ్చింది. అయితే అది ఇంగ్లండ్ మనుషుల్ని చూసి రాసింది. పార్టీకి వెళ్తారా, లైబ్రరీకి వెళ్తారా అని ఒక ప్రశ్న. బుజ్జి నాకు ఫోటో తీసి పంపి, "ఏ లైబ్రరీ? శుక్రవారం మూసేస్తారు కదా" అని అడిగింది. ఈ పరీక్షలు దారి చూపిస్తాయి తప్ప రోగనిర్ధారణ చెయ్యవు. బాగా ఆందోళన పడేవాళ్లకి కూడా మార్కులు ఎక్కువే రావచ్చు.

ఎక్కడికి వెళ్లాలన్నది పెద్ద తలనొప్పి. ఆటిజం అని బోర్డు ఉన్న సెంటర్లు హైదరాబాద్‌లో వీధికొకటి. ఫోన్ చేస్తే "పిల్లాడి వయసెంత?" అంటారు, 24 అంటే పెద్దవాళ్లని చూడం అంటారు. ఒకచోట "24 నెలలా?" అని మళ్లీ అడిగారు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనే ఓపిగ్గా విన్నారు, క్లినికల్ సైకాలజిస్టులు ఉన్న పెద్దాసుపత్రి సైకియాట్రీ విభాగంలో అడగమన్నారు. చివరికి పెద్దవాళ్లకి ఆటిజం పరీక్ష చేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఇలాంటి నిపుణులని రిజిస్టర్ చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఆవిడ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే వెళ్లాం. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఈ పరీక్ష చేసే అర్హత ఉండదు. ఫీజు మా జీతాలకి భారమే. మొత్తం ఎన్ని సిట్టింగులు, రిపోర్టుకి వేరే డబ్బులా అన్నది ముందే అడిగి రాయించుకుంది బుజ్జి. ఇలాంటి వాటిల్లో తను నాకంటే నయం.

మొదటి సిట్టింగ్‌లో ఆవిడ చేసింది ఆటిజం కాకపోవడానికి ఉన్న దారులన్నీ వెతకడం. అది నాకు నచ్చింది. సిగ్గా, భయమా, ఓసీడీయా, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీయా, చిన్నప్పుడు ఏదైనా జరగరానిది జరిగిందా, లేని మాటలు వినిపిస్తాయా, చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా. సిగ్గు ఉన్న మనిషికి ఏం మాట్లాడాలో తెలుసు, నవ్వుతారేమోనని భయపడుతుంది, సొంతవాళ్లలో ఆ భయం పోతుంది అని ఆవిడ వివరించారు. బుజ్జికి సొంతవాళ్లలో కూడా ఎప్పుడు మాట అందుకోవాలో తెలియదు. ఓసీడీలో చేసిందే చెయ్యడం మనిషిని పీడిస్తుంది, మానాలని ఉన్నా మానలేరు. బుజ్జికి అదే బస్సు, అదే సీటు, అదే ప్లేటు హాయినిస్తాయి, అవి తప్పినప్పుడే బాధ. రెండూ కలిసి ఉండేవాళ్లు కూడా ఉంటారట. అందుకే తొందరపడకూడదట. డిప్రెషన్ ఉన్నమాట నిజమేనని, అయితే అది కింద ఉన్న ఇంకోదానివల్ల వచ్చి ఉండొచ్చని అన్నారు.

వాళ్లు కొలిచే పద్ధతి కూడా అడిగాను. మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5 (2013లో వచ్చింది) ప్రకారం రెండు భాగాలు. మొదటిది మనుషులతో మెలగడం: మాటకి మాట ఇచ్చిపుచ్చుకోవడం, చూపూ సైగా ముఖకవళికా వాడటం, స్నేహాలు కట్టుకుని నిలుపుకోవడం. ఈ మూడింటిలోనూ ఇబ్బంది ఉండాలి. రెండోది చేసిందే చెయ్యడం, మార్పు తట్టుకోలేకపోవడం, ఒకే విషయంలో మునిగిపోవడం, శబ్దం, స్పర్శ వంటివి మరీ ఎక్కువగానో తక్కువగానో తెలియడం. ఈ నాలుగింటిలో రెండైనా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇవి చిన్నతనం నుంచీ ఉండాలి. ఇరవయ్యేళ్లకి కొత్తగా మొదలైతే అది ఆటిజం కాదు, ఇంకేదో చూడాలి. అయితే చిన్నతనంలో పూర్తిగా బయటపడకపోవచ్చు, మోయాల్సిన బరువు పెరిగినప్పుడు బయటపడొచ్చు అని కూడా అందులోనే ఉందట. మాకు ఆ బరువు పెళ్లిచూపులు, ఆఫీసు హాలు రూపంలో వచ్చింది.

చిన్నతనం గురించి సాక్ష్యం కావాలి. అంటే అమ్మ రావాలి.

అమ్మకి చెప్పడం నా వంతైంది. విన్నంతసేపూ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది. చివరికి "అయితే నా పెంపకంలో లోపమంటావా?" అంది. కాదమ్మా అంటే నమ్మలేదు. హైదరాబాద్ వచ్చి సైకాలజిస్టు ముందు కూర్చున్నాక కూడా మొదట అడిగింది అదే. తల్లి పెంపకం వల్ల ఆటిజం వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే అనేవారని, అది తప్పని ఎప్పుడో తేలిపోయిందని, పుట్టుకలోనే ఉంటుందని, జన్యువుల పాత్ర చాలా ఉంటుందని ఆవిడ చెప్పారు. అమ్మ కాసేపు ఊరుకుని, "జన్యువులంటే మరి వీళ్ల నాన్న..." అని మొదలుపెట్టింది. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. రాత్రి ఏడున్నరకి అన్నం, ఒక్క నిమిషం అటూఇటూ అయితే ఇల్లు అల్లకల్లోలం. ఎవరింటికీ రాడు, ఎవరైనా వస్తే పెరట్లో మొక్కలకి నీళ్లు పెడుతూ ఉంటాడు. ఆ రోజు సిట్టింగ్‌లో సగం నాన్న గురించే నడిచింది. అమ్మ అన్నేళ్లది ఒక్కసారి దింపుకుంది.

బుజ్జి గురించి కూడా అమ్మకి నేను అనుకున్నదానికంటే చాలా గుర్తున్నాయి. మడమలు ఆనకుండా మునివేళ్ల మీద నడిచేది. చింతగింజలు ఇస్తే ఆడేది కాదు, సైజు ప్రకారం వరసలు పేర్చేది, కదిపితే కేకలు. రేడియోలో ప్రకటనలు ఆ గొంతుతోనే రోజంతా చెప్పేది. మాటలు తొందరగా వచ్చినా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది, "నాకు దాహముగా ఉన్నది" అని, వీధిలో పిల్లలు వెక్కిరించేవాళ్లు. ఎత్తుకుంటే ఒళ్లు బిగదీసేది. బలంగా దుప్పటి చుట్టి పడుకోబెడితే నిద్రపోయేది.

ఇంకో సాక్ష్యం నాకు తట్టింది. 2004లో మా పిన్ని పెళ్లి వీడియో. సీడీ తీసుకెళ్లాం. నాలుగేళ్ల బుజ్జి ఒక మూల కనిపిస్తుంది. గట్టిమేళం మోగగానే రెండు చేతులతో చెవులు మూసుకుని పందిరి గుంజకి ముఖం ఆనించి నిలబడుతుంది. పిల్లలు వచ్చి లాగుతారు, కదలదు. కెమెరా మళ్లీ అటు తిరిగినప్పుడల్లా అక్కడే. సైకాలజిస్టు ఆ ముక్క పదేపదే చూశారు. స్కూలు ప్రోగ్రెస్ కార్డులు కూడా చూశారు. చదువులో 'ఏ' గ్రేడ్ అని, కింద రిమార్క్స్‌లో ఏటా ఎవరో ఒకరు 'కలవదు' అనే రాశారు.

బుజ్జితో పరీక్షలు విడిగా జరిగాయి, నన్ను లోపలికి రానివ్వలేదు. మాటల్లేని బొమ్మల పుస్తకం చూపించి కథ చెప్పమన్నారట, స్నేహం అంటే ఏమిటి, ఒంటరితనం అంటే ఏమిటి అని అడిగారట. తెలివితేటల పరీక్ష కూడా పెట్టారు. వీటితోపాటు మన దేశంలోనే తయారైన కొలమానం ఒకటి వాడారు, ఇసా అంటారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ చేసింది, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు అయితే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం. బుజ్జికి 70 దాటింది కానీ మరీ ఎక్కువేం కాదు. దాచుకోవడం నేర్చినవాళ్లలో పైకి కనిపించేవాటిని బట్టి మార్కులు వేస్తే తక్కువే వస్తాయని, అందుకే చరిత్ర ముఖ్యమని ఆవిడ అన్నారు.

రిపోర్టులో రాసింది ఇది: ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్, లెవెల్ 1 (మూడు లెవెల్స్‌లో తక్కువ సాయం అవసరమయ్యేది), మేధోపరమైన లోపం లేదు, భాషాపరమైన లోపం లేదు, దానితోపాటు డిప్రెషన్. ఒకప్పుడైతే యాస్పర్గర్ అనేవారట, 2013 నుంచి డీఎస్ఎంలో ఆ పేరు విడిగా లేదు. బుజ్జి రిపోర్టు మొత్తం చదివి, రెండు అచ్చుతప్పులు చూపించి, ఇంటికొచ్చాక చాలాసేపు ఏడ్చింది. బాధ కాదంది. "నేను చెడ్డదాన్ని కాదు కదా అక్కా" అంది. దీనికి నేనేం వ్యాఖ్యానం రాయను.

మందు ఉందా అని అందరూ అడుగుతారు. ఆటిజానికి మందు లేదు. డిప్రెషన్‌కి ఉంది, అది వాడుతోంది. మారినవి చిన్నచిన్నవి. ఆఫీసులో మేనేజర్‌కి రిపోర్టు మొత్తం చూపించకుండా, పనికి కావలసినంత లెటర్ సైకాలజిస్టుతో రాయించుకుంది. గోడ పక్క సీటు, చెవులకి హెడ్‌ఫోన్లు, వారంలో కొన్నాళ్లు ఇంటి నుంచి పని, చెప్పాల్సింది ముందు మెయిల్‌లో రాయడం. అడిగితే ఇచ్చారు, అన్ని కంపెనీలూ ఇస్తాయని అనుకోను. ఇంట్లో మేం సూటిగా మాట్లాడటం నేర్చుకుంటున్నాం. "వంటిల్లు ఎలా ఉందో చూశావా" అనే బదులు "గిన్నెలు తోమవే" అంటోంది అమ్మ. పెళ్లిళ్లకి బుజ్జి వస్తుంది, మేళం ముందు అక్షింతలు వేసే దాకా ఉండదు, భోజనానికి మొదటి బంతిలో కూర్చుని వెళ్లిపోతుంది. మేనత్తకి ఏమీ చెప్పలేదు. ఆవిడకి చెబితే తెనాలి దాకా తెలుస్తుంది.

పెళ్లి విషయంలో ఇంట్లో ఇంకా ఒకమాట లేదు. చెప్పకుండా చేద్దాం, తర్వాత వాళ్లే అర్థం చేసుకుంటారు అన్నది అమ్మ లెక్క. "చెప్పకపోతే రోజూ నటించాలి. ఆఫీసుకి ఎనిమిది గంటలు నటిస్తేనే అలా అయ్యాను" అన్నది బుజ్జి లెక్క. నేను బుజ్జి వైపే. ప్రస్తుతానికి సంబంధాలు చూడటం ఆపించింది, అమ్మ గొణుగుతూనే ఆపింది.

సర్టిఫికెట్ మాత్రం తీసుకోవాలని తనే నిర్ణయించుకుంది. లాభనష్టాలకి ఒక పట్టిక వేసి మరీ. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాయాలని ఉంది తనకి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో భాగం ఉంటుంది. అందులో ఆటిజం, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి వచ్చేది 1 శాతం. ప్రైవేటు సైకాలజిస్టు రిపోర్టు దీనికి చాలదు, మెడికల్ బోర్డు చూసి ఇవ్వాలి. సొంత ఊరి అడ్రస్ మీద సచివాలయంలో సదరం (వైకల్యం చూసి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ వైద్య శిబిరం) స్లాట్ కోసం అడిగాం, ఇంకా రాలేదు. బోర్డు ముందు ఏమేం అడుగుతారో, ఎంతమంది ఉంటారో, ఫ్యాన్ శబ్దం చేస్తుందో లేదో ముందే రాసిమ్మంది బుజ్జి. తెలిసినంతవరకు రాసిచ్చాను. ఫ్యాన్ సంగతి ఆసుపత్రికి వెళ్లి చూసొస్తానన్నాను.